హోటల్ ఉద్యోగానికి గ్రూప్ ఇంటర్వ్యూ: పదిమందిలో నోరు పెగలని వారు ఏం చేయాలి?

ప్రశ్న: దేవరకొండ నుంచి ఒక అభ్యర్థి

అన్నలకు, అక్కలకు నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నల్లగొండలో డిగ్రీ చదివాను. ఆ తరువాత, గ్రామీణ యువత కోసం 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద హోటల్ పనిలో 3 నెలలు శిక్షణ తీసుకున్నాను. వచ్చే గురువారం హైదరాబాదులో హైటెక్ సిటీ వైపున్న ఒక పెద్ద హోటల్‌లో గ్రూప్ ఇంటర్వ్యూకు రమ్మని కబురు వచ్చింది. ఫ్రంట్ ఆఫీసు (అతిథులను ఆహ్వానించి గదులు ఇచ్చే చోటు), రెస్టారెంట్ సర్వీసు, హౌస్‌కీపింగ్ (గదులు శుభ్రంగా ఉంచే విభాగం) మూడింటికీ కలిపి ఒకేసారి ట్రెయినీలను ఎంపిక చేస్తారట. ఉదయం 10 గంటలకల్లా అక్కడ ఉండాలి.

రెండు నెలల కిందట నగరంలోనే మరో హోటల్‌లో ఇలాంటి ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాను. మొత్తం 14 మందిమి. రెండు జట్లుగా విడదీసి, పాత పేపర్లు, ఒక టేపు చుట్ట ఇచ్చి, 10 నిమిషాల్లో వీలైనంత ఎత్తుగా ఒక గోపురం నిలబెట్టమన్నారు. మా జట్టులో ఒక అబ్బాయి మొదటి నిమిషంలోనే టేపు చేతిలోకి తీసుకున్నాడు, ఇక వదల్లేదు. అడుగుభాగం వెడల్పుగా చేయకపోతే పడిపోతుందని నాకు తెలుస్తూనే ఉంది, కానీ నోరు పెగల్లేదు. ఎనిమిదో నిమిషంలో అది పక్కకు ఒరిగి కూలిపోయింది. తరువాత అక్కడి మేడం నా వైపు చూసి, "మీరేమనుకున్నారు?" అని ఇంగ్లీషులో అడిగితే, "సేమ్, మేడం" అన్నాను. మొదట్లో చెప్పుకున్న పరిచయం తప్ప, ఆ రోజంతా నేను మాట్లాడింది ఆ రెండు మాటలే. ఫలితం చెబుతామన్నారు, మళ్లీ ఫోన్ రాలేదు.

ఇప్పుడు కూడా అదే జరుగుతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం, బయట తెలుగు, అంగట్లో హిందీ వచ్చు. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, ఎదుటివారు నెమ్మదిగా మాట్లాడితే అర్థమవుతుంది, జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడే మాటలు వెతుక్కుంటాను. అందరికంటే ముందు మాట్లాడినవారికే ఎక్కువ మార్కులు వేస్తారని మా శిక్షణలో కొందరు అన్నారు, అది నిజమేనా? ఇంకొక సంగతి. సాగర్ రోడ్డు మీద మా మేనమామ నడిపే భోజన హోటల్‌లో ఏడాది పాటు వడ్డనా, గల్లా రెండూ చూసుకున్నాను. పెద్ద హోటల్‌లో ఆ మాట చెబితే చిన్నచూపు చూస్తారేమోనని పోయినసారి దాచాను. ఈసారి చెప్పవచ్చా? రాత్రి డ్యూటీల గురించి అమ్మకు బెంగగా ఉంది. దాని గురించి ఇంటర్వ్యూలో అడిగితే తప్పుగా అనుకుంటారా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు: మిర్యాలగూడ నుంచి, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్

చెల్లెమ్మా, నేను 11 ఏళ్లుగా హైదరాబాదు హోటళ్లలో హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తున్నాను. గత 4 ఏళ్లుగా ఇలాంటి ఎంపికల్లో హెచ్‌ఆర్ (ఉద్యోగుల నియామకాలు చూసే విభాగం) వారి పక్కన కూర్చుని మార్కులు వేసేవారిలో నేనూ ఒకడిని. అక్కడ కూర్చున్నవారు ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

హోటల్‌లో ఏ పనీ ఒక్కరి చేతి మీద పూర్తి కాదు. అతిథి లాబీలో నిలబడి ఉంటే గది సిద్ధమయిందా అని ఫ్రంట్ ఆఫీసు మమ్మల్ని అడగాలి, దుప్పట్లు రాకపోతే మేము లాండ్రీని అడగాలి, ఏసీ మొరాయిస్తే ఇంజినీరింగ్ వారిని పిలవాలి, ఇదంతా జరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు ఆ అతిథికి ఇన్ని మంచినీళ్లిచ్చి, ఇంకెంతసేపు పడుతుందో నిజం చెప్పాలి. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగితే, పక్కవారితో కలిసి పనిచేసే గుణం ఉందో లేదో బయటపడదు. అందుకే పదిమందిని ఒకచోట చేర్చి, ఒక చిన్న పని అప్పగించి, మేము పక్కన కూర్చుని చూస్తాం. మీ కాగితపు గోపురం ఎంత ఎత్తు లేచిందన్నది ఎవరూ కొలవరు. టేపు వదలని అబ్బాయికి కూడా మార్కులు పడి ఉండవని నేను గట్టిగా చెప్పగలను. కానీ అడుగుభాగం వెడల్పు చేయాలని తెలిసీ చెప్పకుండా ఉన్న మీకు కూడా పడవు. అది న్యాయమే, ఎందుకంటే రేపు గదిలో కుళాయి కారుతున్నట్టు మీకు తెలిసి, ఎవరికీ చెప్పకపోతే అతిథి స్నానాల గదిలో జారి పడతాడు.

మీ మేనమామ హోటల్ సంగతి దాచడమే మీరు చేసిన అసలు పొరపాటు అని నాకనిపిస్తోంది. బంతి భోజనాల్లో బాగా వడ్డించేవారిని ఎప్పుడైనా గమనించారా? పప్పు గిన్నె పట్టుకుని నడిచే మనిషి గిన్నె వైపు చూడడు, విస్తరి వైపు చూస్తాడు. అన్నం మిగిలి కూర అయిపోయినవారెవరు, పులుసు కోసం అన్నంలో గుంట చేసుకుని ఎదురుచూస్తున్నవారెవరు, ఇక చాలని చెయ్యి అడ్డం పెట్టబోతున్నవారెవరు అన్నది నాలుగు అడుగుల దూరం నుంచే పోల్చుకుంటాడు. ఎవరూ పిలవకముందే సరైన చోట ఆగుతాడు. నక్షత్రాల హోటల్‌లో మేము నెలల తరబడి నేర్పేది ఇదే విద్య. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, మా వృత్తిలో కూర్చున్న ప్రతివారికీ మనం మనవాళ్లమనిపించాలి. మీరు ఏడాది పాటు ఆ పని చేసి వచ్చారు. గ్రూప్‌లో కూర్చున్నప్పుడు కూడా అదే కన్ను తెరిచి ఉంచండి. చుట్టూ ఉన్నవారిలో ఎవరి మాట మధ్యలో తెగిపోయింది, ఎవరు ఏదో చెప్పబోయి ఆగిపోయారు, ఎవరికి ప్రశ్న అర్థం కాలేదు అని చూడండి.

ఇక లోపల ఏం ఇస్తారో ఒక ఉదాహరణతో చెబుతాను. మేము తరచుగా ఇచ్చేది గదుల సమస్య. రాత్రి 11 గంటలయింది, 5 గదులే ఉన్నాయి, 8 బుకింగ్‌ల తాలూకు అతిథులు లాబీలో ఉన్నారు. ఒక వృద్ధ దంపతులు, చంటిబిడ్డతో ఒక కుటుంబం, ఒంటరిగా వచ్చిన ఒక మహిళ, నెలనెలా వచ్చే ఒక వ్యాపారి, తెల్లవారుజామున యాదగిరిగుట్ట దర్శనానికి వెళ్లాల్సిన ఒక కుటుంబం, రేపు పొద్దున్నే విమానం ఉన్న ఒక యువకుడు, ఇలా ఒక చీటీ మీద రాసి ఇస్తాం. ఎవరికి గది ఇస్తారు, మిగిలినవారిని ఏం చేస్తారు అన్నది 10 నిమిషాల్లో తేల్చాలి.

ఇక్కడ చాలామంది, ఎవరు గొప్ప అతిథి అన్న వాదనలో పడి 8 నిమిషాలు గడిపేస్తారు. నిజానికి హోటళ్లలో ఇలాంటి రాత్రులు వస్తూనే ఉంటాయి, వాటికి ఒక పద్ధతి ఉంది. గది ఇవ్వలేకపోయిన అతిథికి అదే స్థాయి ఉన్న మరో హోటల్‌లో గది చూసి, వాహనం ఏర్పాటు చేసి, ఖర్చు మన హోటలే పెట్టుకుని పంపుతారు. అలా పంపాల్సి వచ్చినప్పుడు ఒంటరి మహిళను, వృద్ధులను, పసిపిల్లలున్నవారిని అర్ధరాత్రి కదిలించరు. ఒక్క రాత్రికే వచ్చి, పొద్దున్నే వెళ్లిపోయే ఒంటరి ప్రయాణికుడిని క్షమాపణ చెప్పి అడగడం తేలిక. విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న హోటల్‌లో గది చూపిస్తే ఆ యువకుడు సంతోషంగా ఒప్పుకోవచ్చు కూడా. ఈ ఒక్క మాట మీరు నెమ్మదిగా, కారణంతో సహా చెప్పగలిగితే, మిగిలిన 9 నిమిషాలూ మౌనంగా ఉన్నా మా కాగితం మీద మీ పేరు ఎదురుగా గుర్తు పడుతుంది.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. పెద్ద హోటళ్లలో ఉద్యోగులకు వేరే ద్వారం ఉంటుంది. లాబీ గుండా వెళ్లకుండా, సెక్యూరిటీ వారిని అడిగి ఆ ద్వారం నుంచి రండి. అక్కడ రిజిస్టర్‌లో సంతకం పెట్టే దగ్గర, వేచి ఉండే గదిలో, మంచినీళ్లు తెచ్చి ఇచ్చిన పెద్దావిడతో మీరెలా మాట్లాడారన్నది కూడా మా వరకు వస్తుంది. దీన్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీలాంటి అమ్మాయిలకు అక్కడే మార్కులు పడతాయని చెబుతున్నాను.

రెండవ జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, రెస్టారెంట్ కెప్టెన్ (వడ్డించేవారి జట్టుకు పెద్ద)

చెల్లీ, పై అన్న చెప్పినదంతా నిజం. నేను ఆడపిల్లగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మాది జడ్చర్ల దగ్గర పల్లె. 6 ఏళ్ల కిందట నేనూ ఇలాగే భయపడుతూ వెళ్లాను.

ముందు ప్రయాణం. దేవరకొండ నుంచి హైదరాబాదులోని ఎంజీబీఎస్ బస్టాండుకు వచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి 2023 డిసెంబరు 9 నుంచి టికెట్ డబ్బులు లేవు, ఆధార్ మాత్రం దగ్గర పెట్టుకోండి. ఎంజీబీఎస్‌లోనే మెట్రో స్టేషన్ ఉంది. అమీర్‌పేటలో దిగి రాయదుర్గం వైపు వెళ్లే రైలు మారితే హైటెక్ సిటీ స్టేషన్ వస్తుంది. ఆ దారిలో ఉదయం పూట ఆఫీసులకు వెళ్లేవారితో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి, వీలైతే ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో ఉండండి. తెల్లవారుజామున బయలుదేరి, చెమటతో, నలిగిన బట్టలతో చేరితే మీ మనసే ముందు కుంగిపోతుంది.

బట్టల గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఇస్త్రీ చేసిన నూలు చీర గానీ, ముదురు రంగు సల్వార్ గానీ చాలు. కొత్తది కొనకండి. జుట్టు ముడి వేసుకోండి, గోళ్లు కత్తిరించుకోండి, రంగు వద్దు. గాజుల చప్పుడు, పట్టీల చప్పుడు లేకుండా చూసుకోండి. మల్లెపూలు, గాఢమైన సెంటు రెండూ వద్దు, ఎందుకంటే భోజనం దగ్గర నిలబడే మనిషి నుంచి వంట వాసన తప్ప వేరే వాసన రాకూడదని మా దగ్గర నియమం. ముందు భాగం మూసి ఉన్న నల్ల చెప్పులు వేసుకోండి. మడమ ఎత్తుగా ఉంటే, ట్రే ఇచ్చి నడవమన్నప్పుడు ఇబ్బంది పడతారు. ట్రే మీద నీళ్ల గ్లాసులు పెట్టి నడిపించడం సర్వీసు ఇంటర్వ్యూల్లో మామూలే. గ్లాసుల వైపు చూస్తూ నడిస్తే తొణుకుతాయి, ముందుకు చూస్తూ నడిస్తే తొణకవు. బరువైనది మీ వైపుకు, అరచేతికి మధ్యగా పెట్టుకోండి. నీళ్లు పోయమంటే అతిథికి కుడివైపు నుంచి పోయాలి, అంచు దాకా నింపకూడదు.

రోల్ ప్లే తప్పకుండా ఉంటుంది. సాధారణంగా ఇంటర్వ్యూ చేసేవారిలో ఒకరు కోపంగా ఉన్న అతిథిలా నటిస్తారు. నాకు వచ్చింది "సూప్ చల్లారిపోయింది" అన్న ఫిర్యాదు. నా కన్నా ముందు వెళ్లిన అబ్బాయి, "వంటగదిలో ఆలస్యమైంది సార్" అన్నాడు, అక్కడే దెబ్బతిన్నాడు. అతిథి దృష్టిలో వంటగది, మనం వేరు కాదు. ఎదుటివారిని మాట పూర్తి చేయనివ్వాలి, మధ్యలో అందుకోకూడదు. క్షమాపణ ఒక్కసారి, కళ్లలోకి చూసి చెప్పాలి. పదేపదే సారీ అంటే విసుగు పుడుతుంది. తరువాత ఏం చేయబోతున్నామో, ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పాలి. తెచ్చాక రెండు నిమిషాలు ఆగి మళ్లీ వెళ్లి, ఇప్పుడు సరిగా ఉందా అని అడగాలి. ఈ చివరి పని నూటికి తొంభై మంది మర్చిపోతారు. బిల్లు తగ్గిస్తాననో, ఉచితంగా ఇస్తాననో మీ అంతట మీరు మాట ఇవ్వకండి, కెప్టెన్‌కు చెబుతానని అనండి.

భాష విషయంలో నా మాట నమ్మండి. ఇంగ్లీషులో మొదలుపెట్టండి, చిన్న చిన్న వాక్యాలే మాట్లాడండి. మధ్యలో మాట దొరక్కపోతే, ఒక్క నిమిషం సార్ అని ఇంగ్లీషులోనే చెప్పి, ఊపిరి తీసుకుని కొనసాగించండి. అప్పటికీ రాకపోతే, ఈ మాట హిందీలో చెప్పవచ్చా అని అనుమతి అడగండి. అనుమతి అడగడం మర్యాదగా ఉంటుంది, ఉన్నట్టుండి తెలుగులోకి జారిపోతే తడబాటుగా కనిపిస్తుంది. మన పాలమూరు, నల్లగొండ వైపు పిల్లలకు హిందీ సులువుగా వస్తుంది. ఉత్తరాది అతిథులు ఎక్కువగా వచ్చే హోటళ్లకు అది పెద్ద ఆస్తి. మీకు లంబాడీతో కలిపి నాలుగు భాషలు వచ్చు, దాన్ని దాచకండి.

ఇక మీ అమ్మగారి బెంగ. తప్పకుండా అడగండి, అది మీ హక్కు. అయితే గ్రూప్‌లో కాకుండా, చివరన ఒక్కొక్కరితో మాట్లాడేటప్పుడు అడగండి. రాత్రి షిఫ్టు అయిపోయాక ఆడవారిని దింపడానికి హోటల్ వాహనం ఉందా, ఉండటానికి హాస్టల్ ఇస్తారా, దానికి జీతంలో కోత ఉంటుందా, బ్రేక్ షిఫ్టు ఉంటుందా అని అడగండి. బ్రేక్ షిఫ్టు అంటే పొద్దున కొన్ని గంటలు, మధ్యాహ్నం విరామం, మళ్లీ రాత్రి దాకా పని. రెస్టారెంట్లలో ఇది మనిషిని బాగా అలసిపోయేలా చేస్తుంది, హాస్టల్ దూరంగా ఉంటే ఆ విరామం విరామమే కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ సభ్యుల పేర్లు ఉద్యోగుల నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూడండి, మీ అమ్మగారికి ధైర్యంగా ఉంటుంది.

నాకు జరిగిన ఒక నష్టం కూడా చెబుతాను. నా మొదటి ప్రయత్నంలో, ఎంపికయ్యావు, యూనిఫాం, శిక్షణ కోసం 6,000 రూపాయలు కట్టాలని ఒక మధ్యవర్తి అంటే, నాన్న అప్పు చేసి కట్టారు. ఆ ఉద్యోగమూ లేదు, ఆ డబ్బూ లేదు. నిజమైన హోటల్ ఏదీ చేరేముందు మన దగ్గర డబ్బు అడగదు. అడిగినచోట నుంచి లేచి వచ్చేయండి.

మూడవ జవాబు: నల్లగొండ నుంచి, శిక్షకుడు

పై ఇద్దరి మాటల మీదా గౌరవం ఉంచుతూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. మిగిలిన 9 నిమిషాలూ మౌనంగా ఉన్నా ఫరవాలేదన్న మాట ఈ అమ్మాయికి మేలు చేయదు. నేను 7 ఏళ్లుగా మన జిల్లా పిల్లలను ఇలాంటి ఇంటర్వ్యూలకు తయారు చేస్తున్నాను. మనవాళ్లు ఓడిపోయేది తెలివి లేక కాదు, మొహమాటం వల్ల. మంచి మాట ఒకటి మనసులో పెట్టుకుని, సరైన సందర్భం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, ఆ సందర్భం రానే రాదు. మౌనం మన ఇళ్లలో మర్యాద. ఇంటర్వ్యూ గదిలో అది మర్యాద అని పోల్చుకునే మనిషి ప్రతిసారీ దొరకడు.

అందువల్ల నేను పిల్లలకు చెప్పేది, మొదటి రెండు నిమిషాల్లోపే ఒకసారి నోరు తెరవాలని. గొప్ప ఆలోచనే కానక్కరలేదు. "మనకు 10 నిమిషాలున్నాయి, ముందు అందరం చీటీ ఒకసారి చదువుదామా?" అంటే చాలు. గొంతు ఒకసారి బయటకు వచ్చాక రెండోసారి కష్టం కాదు, మొదటి మాట ఆలస్యమైనకొద్దీ గొంతు ఇంకా బిగుసుకుపోతుంది. ఎవరూ తీసుకోకపోతే గడియారం చూసే బాధ్యత మీరు తీసుకోండి. అప్పుడు మధ్యలో మాట్లాడటానికి మీకు ఒక కారణం ఉంటుంది: "5 నిమిషాలయింది, ఇంకా ముగ్గురు అతిథుల సంగతి తేలలేదు" అని మీరు చెప్పినప్పుడు ఎంత గట్టిగా అరిచేవారైనా ఆగుతారు.

ఒకరే అంతా మాట్లాడేస్తుంటే ఆయనను ఆపమనడం కన్నా, ఆయన చెప్పిన దాంట్లో ఒకటి తీసుకుని, "మీరన్నది బాగుంది, దాంతోపాటు..." అని మీ మాట కలపండి. చదివి గుర్తుపెట్టుకుంటే ఇది రాదు. ఈ నాలుగు రోజులూ సాయంత్రం పూట ఇంట్లోవారిని నలుగురిని కూర్చోబెట్టి, టీవీ పెట్టి, ఆ చప్పుడులోనే ఏదో ఒక విషయం మీద గట్టిగా మాట్లాడటం సాధన చేయండి. నా దగ్గరి పిల్లలను నేను నల్లగొండ బస్టాండు దగ్గరి టీ కొట్టు ముందు నిలబెట్టి మాట్లాడిస్తాను, మొదటి రోజు ఏడుస్తారు, మూడో రోజుకు గొంతు వస్తుంది.

ప్రశ్న అడిగిన అభ్యర్థి మళ్లీ

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞురాలిని. నిన్న సాయంత్రం మా తమ్ముడిని, పక్కింటి పిల్లలను కూర్చోబెట్టి ఆ గదుల సమస్య ఆడాను. మా తమ్ముడే టేపు వదలని అబ్బాయి వేషం కట్టాడు. ఇంకొక్క సందేహం మాత్రం ఉంది. మొదట్లో అందరూ వరుసగా తమ గురించి చెప్పుకోవాలి కదా. పోయినసారి అందరూ ఇంటర్ మార్కుల నుంచి మొదలుపెట్టి హాబీల దాకా చెప్పారు. నా వంతు వచ్చేసరికి అందరూ చెప్పినదే నేనూ చెప్పాను. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చేసినవారు పక్కన ఉంటే నేను ఏం చెప్పి నిలబడగలను?

మిర్యాలగూడ సూపర్‌వైజర్ జవాబు

ముందుగా, శిక్షకులు గారు అన్నది ఒప్పుకుంటున్నాను. మౌనంగా ఉన్నా ఫరవాలేదన్న మాట నేను రాయకుండా ఉండాల్సింది, మా కాగితం మీద గుర్తు పడాలంటే ముందు గొంతు వినిపించాలి.

చెల్లెమ్మా, విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో, గచ్చిబౌలిలోని నిథమ్ అనే పర్యాటక, ఆతిథ్య విద్యాసంస్థలో చదివినవారు నిజంగానే బాగా తయారై వస్తారు. వారికి తెలిసినవి మీకు తెలియవు, కానీ వారిలో చాలామంది మధ్యాహ్నం 1 గంటకు బస్సు దిగిన 40 మందికి ఒక్కసారిగా భోజనం పెట్టి ఉండరు. మీరు పెట్టారు. మీ పరిచయంలో మూడే ముక్కలు ఉండనివ్వండి: పేరు, ఊరు ఒకటి; మేనమామ హోటల్‌లో మీరు చేసిన పని, అందులో ఒక్క సంఘటన రెండోది; ఈ ఉద్యోగంలో ఏం నేర్చుకోవాలనుకుంటున్నారన్నది మూడోది. ఒక నిమిషం మించకూడదు. సంఘటన చెప్పేటప్పుడు అంకెలతో చెప్పండి. కష్టపడి పనిచేశాను అంటే ఎవరికీ గుర్తుండదు. ఎంతమంది వచ్చారు, ఏది తక్కువ పడింది, మీరేం చేశారు అంటే గుర్తుంటుంది.

మీ ప్రాంతం గురించి కూడా రెండు మాటలు సిద్ధం చేసుకోండి. రేపు ఒక్కరోజు ఖాళీ ఉంది, ఎక్కడికి వెళ్లమంటారు అని అతిథులు రోజూ అడిగే ప్రశ్నను మేము ఇంటర్వ్యూలో కూడా అడుగుతాం. నగరంలో పుట్టి పెరిగినవారు చార్మినార్, గోల్కొండ దగ్గర ఆగిపోతారు. నాగార్జునసాగర్‌లో డ్యామ్‌తోపాటు 2022లో ప్రారంభమైన బుద్ధవనం ఉందని, 1951లో వినోబా భావేకు తొలి భూదానం దక్కిన పోచంపల్లిలో మగ్గాల మీద ఇక్కత్ నేత ఇప్పటికీ చూడవచ్చని, ఆ ఊరిని 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిందని మీరు చెబితే వినేవారు తలెత్తి చూస్తారు. పోచంపల్లికి సగం రోజు చాలు, సాగర్‌కు పొద్దున్నే బయలుదేరాలి అని కూడా చెప్పండి. అతిథికి కావలసింది ఆ రెండో మాటే.

ఒకవేళ ఫ్రంట్ ఆఫీసుకు కాకుండా హౌస్‌కీపింగ్‌కు తీసుకుంటామంటే చిన్నబుచ్చుకోకండి. ఒక షిఫ్టులో 14 గదులు చేయాలి, నడుము పట్టేస్తుంది, అది నిజం. కానీ మూసిన తలుపు మీద తట్టి, హౌస్‌కీపింగ్ అని చెప్పి, జవాబు కోసం ఆగి, అపరిచితుల వస్తువుల మధ్య నమ్మకంగా పనిచేయడం నేర్చుకున్నవారు హోటల్‌లో ఏ విభాగానికైనా పనికొస్తారు. ఆఫర్ లెటర్ ఇచ్చినప్పుడు మొత్తం జీతం ఎంత, చేతికి వచ్చేది ఎంత అని విడివిడిగా చూడండి. పీఎఫ్ (భవిష్య నిధి) కింద 12 శాతం కోత ఉంటుంది. నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) వర్తిస్తుంది, మీ వాటాగా 0.75 శాతం పోతుంది, దానికి బదులు మీకూ మీ అమ్మానాన్నలకూ వైద్యం దొరికే వీలుంటుంది. ఆ కోతలు చూసి భయపడి వద్దనకండి, అవి లేని ఉద్యోగమే వద్దనుకోండి.

అభ్యర్థి, ఇంటర్వ్యూ తరువాత

అన్నలకు, అక్కకు, నిన్న వెళ్లి వచ్చాను. జరిగింది రాస్తున్నాను, తరువాత వెళ్లేవారికి పనికొస్తుందని.

మొత్తం 22 మంది వచ్చారు, ఏడెనిమిది మంది చొప్పున మూడు జట్లు చేశారు. మాకు గదుల సమస్య రాలేదు. పెళ్లి విందు ఇచ్చారు. 300 మందికి చెప్పిన విందుకు 400 మంది వచ్చారు, మొదటి గంటలోనే బిర్యానీ సగం అయిపోయింది, ఏం చేస్తారు అని. చీటీ చదివే సరికి నాకు గుండె దడ కొద్దిగా తగ్గింది. మొదటి నిమిషంలోనే, ముందు వంటగదిలో ఏమేం మిగిలాయో తెలుసుకుందామా అని అన్నాను. గొంతు వణికింది, కానీ మాట బయటకు వచ్చింది. బిర్యానీ మళ్లీ దమ్ చేయాలంటే చాలా సమయం పడుతుందని, తెల్లన్నం, పప్పు, ఒక కూర అయితే త్వరగా వస్తాయని, అవి వచ్చేదాకా స్టార్టర్లు కూర్చున్నవారి దగ్గరికే తీసుకువెళ్లి ఇస్తే బిర్యానీ దగ్గర రద్దీ తగ్గుతుందని చెప్పాను. మా మేనమామ పద్ధతి అదే. బస్సు వచ్చినప్పుడు ముందు మజ్జిగ ఇచ్చి కూర్చోబెడతాడు.

అయితే నాకు తట్టని విషయం ఒకటి ఉంది. అదనపు ప్లేట్ల లెక్క ముందుగా పెళ్లివారిలో ఒక పెద్దమనిషితో మాట్లాడి ఒప్పించుకోవాలి, లేకపోతే రేపు బిల్లు దగ్గర గొడవ అవుతుందని ఒక అమ్మాయి చెప్పింది. వనపర్తి నుంచి వచ్చిన ఒక అబ్బాయి మొదటి నుంచీ ఏమీ మాట్లాడలేదు, రెండుసార్లు చెయ్యి ఎత్తబోయి దించేశాడు. ఆయన ఏదో చెప్పాలనుకుంటున్నారని నేను అన్నాను. వృద్ధులను, పిల్లలను నిలబెట్టకుండా వారికి వేరే బల్లలు వేసి అక్కడికే వడ్డించాలని ఆయన చెప్పాడు, అది అందరికీ నచ్చింది. ఇంటర్వ్యూ చేసిన సార్ అప్పుడు ఏదో రాసుకున్నారు. ఎవరి పేరు ఎదురుగా రాశారో తెలియదు.

రోల్ ప్లేలో ఇంగ్లీషు రెండుచోట్ల తప్పింది. అక్క చెప్పినట్టు హిందీకి అనుమతి అడిగితే, సరేనన్నారు. విడిగా మాట్లాడినప్పుడు రాత్రి వాహనం గురించి, హాస్టల్ గురించి అడిగాను. అక్కడి మేడం ఏమాత్రం విసుక్కోకుండా, ఆడవారి హాస్టల్ ఎక్కడుందో, దానికి ఎంత కోస్తారో కాగితం మీద రాసి ఇచ్చారు. డబ్బు కట్టమని ఎవరూ అనలేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. హౌస్‌కీపింగ్ ట్రెయినీగా తీసుకున్నారు, ఫ్రంట్ ఆఫీసుకు 6 నెలల తరువాత మళ్లీ ప్రయత్నించవచ్చని చెప్పారు. ఆ వనపర్తి అబ్బాయిని రెస్టారెంట్‌కు తీసుకున్నారట. ఒకటో తేదీన చేరాలి. సర్టిఫికెట్ల నకళ్లు, బ్యాంకు పాసుపుస్తకం, వైద్య పరీక్ష కాగితం తెమ్మన్నారు. నల్ల బూట్లు మనమే కొనుక్కోవాలి. ఆదివారం అమ్మా నేనూ కలిసి హాస్టల్ చూసి వస్తాం. గది తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతుందో లేదో ముందు చూడాలని అమ్మ ఇప్పటికే రెండుసార్లు చెప్పింది.